బిడ్డ పెళ్లి పైసలు ముట్టకుండా వైండింగ్ షాపు

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి రాశారు: "మావాడు ఈ ఏడు నల్లగొండలో బీటెక్ ఎలక్ట్రికల్ పూర్తి చేసిండు. హైదరాబాద్‌లో కస్టమర్ సపోర్ట్ కొలువు వచ్చింది, నెలకు 18 వేలు. వాడు పోనంటున్నడు. దేవరకొండలో మోటర్ వైండింగ్ షాపు పెడతడట. బిడ్డ పెళ్లికి దాచిన నాలుగు లక్షలు అడుగుతున్నడు. ఇంత చదివించింది కాలిన మోటర్లు విప్పడానికా?"

అన్నా, ముందు పైసల మాట. ఆ నాలుగు లక్షలు ముట్టనివ్వకండి. అవి చెల్లెలి పైసలు. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా మీ దిక్కే.

కొలువు విషయంలో మాత్రం మీవాడి దిక్కు. అదే మోటర్లు గానీ, ప్యానెల్ బోర్డులు గానీ తయారుచేసే కంపెనీ అయితే ఒక ఏడాది పోయి నేర్చుకొని రమ్మనేవాణ్ణి. రోజంతా ఫోన్లకు జవాబు చెప్పే పనిలో వాడి ఎలక్ట్రికల్ చదువుకు చోటెక్కడిది? ఆ 18 వేలలో హాస్టలుకు, తిండికి, బస్సుకు పోను మీ చేతికి వచ్చేదెంతో మీకే తెలుసు. ఒకటి నిజం, కొత్తగా చదువు ముగించినవాళ్లకు వచ్చే పిలుపులు రెండేళ్ల తర్వాత అంత సులువుగా రావు. అది తెలిసే వాడు నిర్ణయం తీసుకోవాలి.

పనికి కొదవ లేదు. సాగర్ పక్కనే ఉన్నా మీ ఎత్తు భూములకు బోర్లే దిక్కు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది కానీ, మోటర్లు కాలడం ఆగలేదు. యాసంగిలో నీళ్లు కిందికి పోతే సబ్‌మెర్సిబుల్ మోటరుకు చుట్టూ చల్లబరిచే నీళ్లుండవు. మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోతే మిగతా రెండింటి మీద భారం పడి వైండింగ్ మాడిపోతుంది. వైరు చుట్టేవాళ్లు మీ దగ్గర ఉన్నారు. ఎందుకు కాలిందో కనిపెట్టి, అది మళ్లీ కాలకుండా ప్యానెల్ సరిచేసేవాళ్లు తక్కువ. మీవాడి చదువు అక్కడ పనికొస్తుంది.

నా భయం వేరే. ఉద్దెర. పొలం ఎండుతున్నప్పుడు రైతు మోటరు తెస్తాడు, పైసలు వడ్లు అమ్మినంక ఇస్తానంటాడు. కాదనలేం. రాగి వైరు మాత్రం నగదుకే కొనాలి. లెక్కకు చూడండి: నెలకు 25 మోటర్లు, ఒక్కోదానికి సామాను 2,000. సగం ఉద్దెర పోతే నెలకు 25 వేలు ఆగుతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మూడు నెలలకు 75 వేలు. ఇది సామాను ఖర్చే, కూలి కాదు. వానలు బాగా పడ్డ నెలల్లో షాపుకు వచ్చేవాళ్లూ తగ్గుతారు, కిరాయి మాత్రం తగ్గదు. చేతిలో ఆరు నెలల కిరాయి, ఉద్దెరకు సరిపడా పెట్టుబడి లేకుండా షట్టర్ ఎత్తొద్దు. కాలిన మోటరులోంచి తీసిన పాత రాగి ఎవరిదో ముందే మాట్లాడుకొని, రైతు కళ్ల ముందే తూకం వేయాలి. ఊళ్లో పేరు పోయేది అక్కడే.

అందుకని ఇప్పుడే షాపు వద్దు. వచ్చే యాసంగి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, వాణ్ణి ఎవరైనా మేస్త్రీ దగ్గర పనిలో పెట్టండి. నాలుగు నెలలు చేతులు నల్లబడినంక కూడా ఇదే చేస్తానంటే అప్పుడు అప్పుకు పోవచ్చు. కేంద్రం వారి ముద్ర పథకంలో శిశు రుణం 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తాకట్టు లేకుండా ఇస్తారు. పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం)లో సబ్సిడీ ఉంది: గ్రామాల్లో జనరల్‌కు 25 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మహిళలకు 35 శాతం. పట్టణంలో అవి 15, 25 శాతమే. దేవరకొండ మున్సిపాలిటీ కాబట్టి, పక్క గ్రామ పంచాయతీలో పెడితే ఎంత కలిసొస్తుందో చూడండి. ఒక్కటి మరవొద్దు, అది కొత్త యూనిట్లకే. సొంత పైసలతో షాపు తెరిచి, తర్వాత సబ్సిడీ అడిగితే రాదు. ముందు నల్లగొండలో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి మాట్లాడండి.

మీరు రాయని మాట ఒకటుంది. పిల్లనిచ్చేవాళ్లు ఏం చేస్తడని అడిగితే ఏం చెప్పాలని. ఆ బాధ చిన్నది కాదు, మన దగ్గర కొలువుకున్న విలువ నాకు తెలుసు. ఏడాది ఆగండి. ఉద్దెర పుస్తకం, బ్యాంకు పుస్తకం రెండూ శుభ్రంగా ఉంటే మీరు తల దించుకొని చెప్పే అవసరం రాదు.

పనిలోకి పంపే రోజు మంచి టెస్టరు, రబ్బరు చేతితొడుగులు మీ చేత్తో కొనివ్వండి. పొలం దగ్గర ఎవరైనా "కరెంటు లేదు, చెయ్యి పెట్టు" అంటే నమ్మొద్దని, ఫ్యూజులు తానే తీసి జేబులో వేసుకొని, టెస్టరుతో చూసుకున్నాకే స్టార్టరు ముట్టుకొమ్మని చెప్పండి.