ఓనరుకి జీతం చూపించు, జీవితం కాదు

అమ్మలూ,

ఫ్లాట్ నచ్చిందని, ఓనరు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు మెయిల్ చెయ్యమన్నారని రాశావు. ఇంకా పంపకపోతే ఇది చదివాకే పంపు.

నేను చాలా ఏళ్లు అద్దెకున్నాను, తర్వాత పై వాటా అద్దెకిచ్చాను కూడా. ఇచ్చేవాళ్లు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే, నెలనెలా అద్దె వస్తుందా అని. జీతం అద్దెకి మూడు రెట్లు ఉందా అని లెక్క చూసేవాళ్లు చాలామంది. అందుకు ఆఫీసు లెటరు, ఒకటి రెండు పే స్లిప్పులు మామూలుగా సరిపోతాయి. లెటర్లో నీ ఉద్యోగం, ఎప్పటినుంచి చేస్తున్నావు, పర్మనెంటా కాంట్రాక్టా, నెల జీతం ఉంటే చాలు.

స్టేట్‌మెంటు సంగతి వేరు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లావో, ఎవరికి డబ్బు పంపావో, ఏ అప్పు కడుతున్నావో అన్నీ అందులో ఉంటాయి. ఒకసారి నేను మొత్తం ఇచ్చేశాను. ఆ ఓనరు నా ఆసుపత్రి ఖర్చుల గురించి గుచ్చి గుచ్చి అడిగాడు. ఇల్లూ ఇవ్వలేదు. ఆ బాధ నీకు వద్దు. తప్పదంటే నీ పేరు, జీతం పడిన లైన్లు, తేదీలు ఉంచి మిగతావి మూసెయ్యి. అకౌంటు నంబరులో చివరి 4 అంకెలు చాలు. మూశానని ముందే చెప్పు. ఒక్క అంకె కూడా మార్చకు, అది మోసం అవుతుంది.

మూయడంలోనే చాలామంది పొరపాటు పడతారు. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీస్తే కింద అక్షరాలు అలాగే ఉండిపోవచ్చు, కాపీ కొడితే బయటికొస్తాయి. ఫోన్లో హైలైటర్‌తో నల్లగా పూసినా బ్రైట్‌నెస్ పెంచితే కనిపించొచ్చు. ప్రింటు తీసి, ఆ లైన్ల మీద మందపాటి కాగితం ముక్కలు అంటించి, మళ్లీ స్కాన్ చెయ్యి. ప్రతి కాపీ మీదా అడ్డంగా ‘ఈ ఫ్లాట్ అద్దె కోసం మాత్రమే’ అని, తేదీతో సహా రాయి.

ఇల్లు చూపించకముందే కాగితాలు అడిగితే ఇవ్వకు. లేని ఇళ్లకి ప్రకటనలిచ్చి కాగితాలు పోగుచేసే మోసగాళ్లున్నారు. బ్యాంకు పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరడిగినా ఆ ఇంటి ఆశ వదిలేసుకో.

నీతో ఉండబోయే అమ్మాయిది సొంత పని అన్నావు కదా, తనకి పే స్లిప్పులుండవు. గత రెండేళ్ల ట్యాక్స్ రిటర్నులు ఇవ్వమను, ట్యాక్స్ నంబరు, క్లయింట్ల పేర్లు మూసి.

ఓనరుకి ఇలా రాయి: ‘ఆఫీసు లెటరు, రెండు పే స్లిప్పులు జతచేశాను. స్టేట్‌మెంటు తప్పనిసరి అయితే జీతం వివరాలు ఉంచి మిగతావి మూసిన కాపీ ఇస్తాను, ఆ జీతం లైన్లు ఒరిజినల్‌లో మీ ముందే చూపిస్తాను. ఇల్లు మాకు కుదరకపోతే దయచేసి ఇవన్నీ డిలీట్ చేసి ఒక మెసేజ్ పెట్టండి.’

పంపే ముందు స్కాన్ చేసినవి ఒకసారి నాకు చూపించు.

మీ పెద్దమ్మ