మాల్ గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నువ్వు పంపిన రగ్బీ మ్యాచ్ రిపోర్టు చదివాను. ట్రై (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు ఆనించడం) పడిన చోట “ఫార్వర్డ్స్ బలంగా నెట్టుకుంటూ గీత దాటేశారు” అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. పక్క గీత బయటికి పోయిన బంతిని రెండు వరసల మధ్యకు విసిరేది లైనౌట్; బంతి ఉన్నవాణ్ని పట్టుకుని రెండు జట్లూ నిలబడే నెట్టుకునేది మాల్. లైనౌట్ నుంచి కట్టే మాల్‌లో నెట్టడం మొదలయ్యేసరికే సగం కథ అయిపోతుంది. నీ రిపోర్టులో లేనిది ఆ సగమే.

జంపర్ గాల్లో బంతి అందుకుని కిందికి దిగేటప్పుడు అతని కాళ్లు చూడు. దిగుతూనే వీపు ప్రత్యర్థి వైపు తిప్పుతాడు. అతన్ని ఎత్తిన ఇద్దరూ చెరో పక్క బిగించి పట్టుకుంటారు. వాళ్లు ఒక్క అడుగు ఆలస్యం చేస్తే ప్రత్యర్థి ఆ సందులో దూరి జంపర్‌ను పడేస్తాడు. మాల్ కట్టుకోకముందు అది తప్పు కాదు. కట్టుకున్నాక కూలిస్తే పెనాల్టీ. కూల్చకపోతే ట్రై పడేదే అని రిఫరీకి అనిపిస్తే పెనాల్టీ ట్రై, ఏడు పాయింట్లు.

ఈలోగా బంతి చేతులు మారుతూ వెనక్కి వెళ్తుంది. బంతి విసిరిన హుకరే తరచుగా వచ్చి తోక దగ్గర చేరతాడు. హుకర్ల ఖాతాలో అన్ని ట్రైలు ఉండేది అందుకే. కొన్నిసార్లు ప్రత్యర్థులు అసలు ముట్టుకోకుండా నిలబడతారు. అప్పుడు అది మాలే కాదు. బంతిని వెనక దాచుకుని ముందుకు నడిచి వాళ్లకు తగిలితే అడ్డుకున్నట్టే, రిఫరీ ఈల వేస్తాడు. నాకైతే ఈ ఎత్తు మహా ఇష్టం. ఏమీ చేయకుండానే పెనాల్టీ సంపాదించవచ్చు!

2015 ప్రపంచకప్‌లో, సెప్టెంబర్ 26న ట్వికెన్‌హామ్‌లో వేల్స్ 28-25తో ముందుంది. చివర్లో ఇంగ్లండ్‌కు పెనాల్టీ వచ్చింది. గోల్‌కి తంతే, అది పడితే స్కోరు సమం. కెప్టెన్ క్రిస్ రాబ్‌షా మూలకు తన్నించి లైనౌట్ కోరాడు. బంతి వరస ముందున్న రాబ్‌షాకే వచ్చింది. వేల్స్ వాళ్లు అందరినీ కలిపి పక్కకు, గీత బయటికి తోసేశారు. మ్యాచ్ పోయింది. జనం కెప్టెన్ నిర్ణయాన్ని తిట్టారు. నన్నడిగితే తప్పు విసిరిన చోటులో ఉంది. వరస మొదట్లో బంతి తేలిగ్గా దొరుకుతుంది, కానీ టచ్‌లైన్ (మైదానం పక్క గీత) ఐదారు మీటర్లలోనే ఉంటుంది. వేల్స్‌కు వెనక్కి నెట్టే అవసరమే రాలేదు.

దానికి వారం ముందు బ్రైటన్‌లో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాను ఓడించింది. అందులో మైకేల్ లీచ్ మొదటి సగంలో వేసిన ట్రై మాల్ నుంచే వచ్చింది. బరువులో జపాన్ వాళ్లదే తక్కువ. బలంగా నెట్టారు అని రాస్తే ఆ ట్రై ఎలా అర్థమవుతుంది చెప్పు?

మన పాఠకుల్లో కొందరు హైదరాబాద్ హీరోస్ ఆట చూసి ఉంటారు. అది సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురి ఆట, మాల్ అరుదు. కాబట్టి మాల్ అంటే ఏమిటో ఒక వాక్యం ఖర్చుపెట్టు, రెండు వద్దు.

ఆ ట్రై మళ్లీ రాసి పంపు. బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లిందో, మాల్ ఏ పక్కకు తిరిగిందో అందులో ఉండాలి. ట్రై వేసినవాడి పేరు ఆఖర్న వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

నీ అన్న