పులి, పిడికిలి, పావురం: కరాటే చిహ్నాల సంగతులు

ప్రశ్న: మా అబ్బాయి, అమ్మాయి కడపలోనే వేర్వేరు క్లాసుల్లో కరాటే నేర్చుకుంటున్నారు. అబ్బాయి డ్రెస్సు మీద వృత్తంలో పులి బొమ్మ, అమ్మాయి డ్రెస్సు మీద బిగించిన పిడికిలి ఉన్నాయి. పులి ఉన్నదే అసలైన కరాటే అని వాడు చెల్లెలిని ఏడిపిస్తున్నాడు. ఈ బొమ్మలకు నిజంగా అర్థాలున్నాయా?
– ఒక తల్లి, కడప

జవాబు: అర్థాలున్నాయి గానీ, మీ అబ్బాయి అనుకుంటున్న అర్థం ఆ పులికి లేదు. అది షోటోకాన్ శైలి చిహ్నం. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో బడిపంతులుగా పనిచేసిన గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోకు వచ్చి కరాటేను ప్రదర్శించినప్పుడు, ఆ విద్య మీద మనసుపడిన చిత్రకారుడు హోఅన్ కొసుగి దాని గురించి పుస్తకం రాయమని ఆయన వెంటపడ్డాడు. ఏ విద్యకైనా ప్రామాణికమైన గ్రంథాన్ని జపాన్ వారు ‘తోరా నో మాకి’ అంటారు. వినడానికి ‘పులి కాగితపు చుట్ట’ అన్నట్టుంటుంది. కరాటేకు ఫునకోషి గ్రంథమే అటువంటిదన్న భావంతో కొసుగి ఈ పులిని గీశాడని చెబుతారు. కాబట్టి ఆ పులి పంజా విసరడానికి రాలేదు, పుస్తకానికి గౌరవసూచకంగా వచ్చింది. ఫునకోషి పుట్టిన షురి పట్టణం దగ్గర పులితోకను తలపించే కొండ ఒకటి ఉండేది. అక్కడి పైన్ చెట్ల గాలి హోరు వింటూ నడవడం ఆయనకు ఇష్టం. ఆ హోరునే సూచించే ‘షోటో’ అన్న కలంపేరుతో ఆయన కవితలు రాసుకునేవాడు, శిష్యులు ఆ పేరునే శిక్షణాలయానికి పెట్టారు, అదే షోటోకాన్.

పిడికిలి గోజు-ర్యు శైలిలోని చాలా సంస్థలు వాడే గుర్తు. చోజున్ మియాగి (1888–1953) స్థాపించిన ఈ శైలి కాఠిన్యాన్నీ మార్దవాన్నీ సమంగా చూస్తుంది. బిగించిన పిడికిళ్లతో, ఒళ్లంతా బిగబట్టి, బలమైన శ్వాసతో చేసే సాంచిన్ అనే కటా (ఒక క్రమంలో కూర్చిన కదలికల సాధన) ఒకవైపు ఉంటే, తెరిచిన అరచేతులతో మెత్తగా చేతులు తిప్పుతూ చేసే తెన్షో మరోవైపు ఉంటుంది. చిహ్నంలో మొదటి సగమే కనిపిస్తుంది. రెండో సగాన్ని మీ అమ్మాయి సాధనలోనే నేర్చుకోవాలి. ఒకే శైలిలోని సంస్థలన్నీ ఒకే గుర్తు వాడవన్నది కూడా మీ అబ్బాయికి చెప్పండి. 1949లో ఏర్పడిన జపాన్ కరాటే అసోసియేషన్ నేర్పేది షోటోకానే అయినా దాని గుర్తులో పులి ఉండదు, ఎర్రని సూర్యబింబం లాంటి వృత్తం ఉంటుంది. చిహ్నం గురుపరంపరను చెబుతుంది; క్లాసు మంచిచెడ్డలు తెలియాలంటే ఒక సాయంత్రం వెళ్లి మాస్టరు పిల్లలతో ఎలా ఉంటున్నాడో చూడవలసిందే.

ప్రశ్న: ఒక టోర్నమెంటుకు వచ్చిన జట్టు డ్రెస్సుల మీద మొనలు తేలిన పువ్వులాంటి గుర్తు చూశాను. అది తామరపువ్వా?
– ఇంటర్ విద్యార్థిని, ఆదోని

జవాబు: పువ్వు కాదమ్మా, అవి చేతులు. మీరు చూసింది మసుతాత్సు ఒయామా (1923–1994) స్థాపించిన క్యోకుషిన్ వారి ‘కంకు’ చిహ్నమై ఉండాలి. కంకు అనే కటా మొదట్లో రెండు అరచేతులనూ తెరిచి, వేళ్ల కొసలు ఒకదానికొకటి తాకేలా తలపైకి ఎత్తి, వాటి మధ్య సందులోంచి ఆకాశాన్ని చూస్తారు. ఆ చేతుల రూపాన్నే గుర్తుగా మలిచారు. మొనలు వేళ్లకు, అంటే చేరవలసిన శిఖరానికి గుర్తు. లావుగా ఉన్న భాగాలు మణికట్లు, అవి బలానికి గుర్తు. నడుమనున్న ఖాళీ అనంతానికి, లోతుకు గుర్తు. చుట్టూ ఉన్న వృత్తం ఎడతెగని కదలికను చెబుతుంది. నాకు తెలిసిన కరాటే చిహ్నాలలో శరీరంతో చేసే పనికి ఇంత దగ్గరగా ఉన్నది మరొకటి లేదు. ఒయామా మొదట ఫునకోషి దగ్గర నేర్చుకున్నవాడే, గోజు-ర్యును కూడా సాధన చేసినవాడే. ఆకాశాన్ని చూసే ఈ కటా షోటోకాన్‌లోనూ ఉంది. పై లేఖలోని పులి బొమ్మ అబ్బాయి కూడా ఒకనాటికి చేతులెత్తి అలాగే నిలబడవలసి ఉంటుంది.

ప్రశ్న: కొట్టుకోవడం నేర్పే విద్యకు పావురం గుర్తు ఏమిటండీ?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: వాడో-ర్యు స్థాపకుడు హిరోనోరి ఒత్సుకా (1892–1982) జుజుత్సు అనే జపాన్ కుస్తీ విద్యలో ఆరితేరి, ఆ తరువాత ఫునకోషి దగ్గర కరాటే నేర్చుకున్నాడు. బలానికి బలం ఎదురొడ్డకుండా పక్కకు తప్పుకుని దెబ్బను దారి మళ్లించడం ఆయన పద్ధతికి ఆయువుపట్టు, శైలి పేరులోనే సామరస్యం ఉంది. పావురం రెక్కల నడుమ పిడికిలి ఉన్న గుర్తు దానికి తగినదే. అయితే జపాన్‌లో పావురానికి మరో ముఖం కూడా ఉంది: యోధులు కొలిచే హచిమన్ దేవుడికి దూత పావురమే.

ప్రశ్న: పాత ఫొటో ఒకదానిలో జపాన్ వీరుల ఛాతీ మీద స్వస్తిక్ కనిపించింది. వాళ్లు హిట్లర్ మద్దతుదారులా?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: కారు. అది బౌద్ధం ద్వారా జపాన్ చేరిన ‘మంజి’, అక్కడి పటాలలో నేటికీ బౌద్ధాలయాలను చూపే గుర్తు. మన గడపల మీద పసుపు కుంకుమలతో వేసే స్వస్తికకు అది చుట్టమే. 1947లో దోషిన్ సో స్థాపించిన షోరింజి కెంపో వారు దాన్ని చాలాకాలం ధరించారు (ఇది కరాటేకు దగ్గరి విద్యే గాని, కరాటే శైలి కాదు). సంస్థ దేశదేశాలకు విస్తరించాక, ముఖ్యంగా ఐరోపాలో, ఆ గుర్తు నాజీలను తలపించడం పెద్ద ఇబ్బంది అయింది. 2005లో దాని స్థానంలో ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు వలయాల గుర్తును తెచ్చారు. ఎన్నో శతాబ్దాల అర్థం కొన్నేళ్ల దుర్వినియోగం ముందు తలవంచవలసి రావడం బాధాకరమే అయినా, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేము.

ప్రశ్న: బ్లాక్ బెల్టు వచ్చింది, సొంతంగా క్లాసు పెట్టాలనుకుంటున్నాను. బ్యాడ్జి మీద పులి, డ్రాగన్, మూడు సింహాలు అన్నీ పెట్టించవచ్చా?
– ఒక యువకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందుగా సింహాల సంగతి. అశోకుడి సింహాలు మన జాతీయ చిహ్నం. 1950 నాటి చట్టం, దాని తరువాత వచ్చిన 2005 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాన్ని వ్యాపారానికి వాడుకోకూడదు, ఫీజు తీసుకుని నడిపే క్లాసుకు మినహాయింపు ఉంటుందనుకోవద్దు. ఇక పులి, కంకు వంటివి ఆయా సంస్థలు తమవిగా చూసుకునే గుర్తులు. మీకు బెల్టు ఇచ్చిన సంస్థతో సంబంధం కొనసాగుతుంటే వారి అనుమతితో వారి గుర్తే పెట్టుకోండి, లేకపోతే వదిలేయండి.

సొంత గుర్తే కావాలంటే, పాతవారు వాటిని ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో చూడండి. షితో-ర్యు స్థాపకుడు కెన్వా మబుని తన ఇంటి వంశచిహ్నాన్నే శైలికి ఇచ్చాడు. ఇష్షిన్-ర్యు స్థాపకుడు తాత్సువో షిమబుకు సగం స్త్రీ, సగం సముద్రసర్పమైన దేవతను ఎంచుకున్నాడు. ఆమె ఒక చెయ్యి తెరిచి ఉంటుంది, మరొకటి పిడికిలి. ఒకినావాలో కొన్ని సంస్థలు మూడు సుడులు తిరిగే ర్యుక్యు రాజవంశపు గుర్తును నేటికీ నిలుపుకున్నాయి. ఆ రాజ్యం 1879లోనే జపాన్‌లో కలిసిపోయింది. రాజ్యం పోయినా గుర్తు మిగలడం మనకు కొత్త కాదు, విజయనగర రాజుల వరాహం, సూర్యచంద్రులు, కత్తి ఇప్పటికీ రాళ్ల మీద కనిపిస్తూనే ఉన్నాయి. గండికోటకు మీ ఊరు దగ్గరే. పెన్నా లోయలోనో కోట బురుజులలోనో మీ గుర్తు దొరకవచ్చు. ఏది ఎంచుకున్నా ఒక్క బొమ్మ చాలు. ఛాతీ ఎడమవైపు అరచేయంత జాగాలో దారంతో కుట్టే బ్యాడ్జి మీద ఇన్ని జంతువులను ఇరికిస్తే పులికీ డ్రాగన్‌కూ తేడా తెలియదు, కుట్టుకూలి మాత్రం నాలుగింతలవుతుంది.