గట్టు మీది ఎర్ర పిట్ట, మట్టిరంగు పిట్టలు ఒకే జాతా?

"లంకలో మా పొలం గట్టున ఎర్రటి బుల్లి పిట్ట ఒకటి, దాని చుట్టూ మట్టిరంగువి నాలుగైదు కనిపించాయి. వేర్వేరు జాతులా? పట్టి పెంచుకోవచ్చా?" అని కదా మీ ప్రశ్న.

ఒకటే జాతండీ, పందెం కాస్తాను. ఎర్ర మునియా. మా అమ్మమ్మ జీనువాయి అనేది. ఎర్రది మగది. ఆ ఎరుపూ గూళ్ళు కట్టే కాలానికే, అంటే వానల నుంచి చలికాలం దాకా. తర్వాత ఈకలు రాల్చి అదీ ఆడపిట్టలా మట్టిరంగులోకి దిగిపోతుంది. ఉన్నదే 10 సెంటీమీటర్లు, ఒంటిరంగు చూసి తేల్చకండి. తోక మొదలు చూడండి, ఆడదానికైనా అక్కడ ఎరుపుంటుంది. ముక్కు నమ్మడానికి లేదు, ఏప్రిల్లో నల్లబడి మే నుంచి మళ్ళీ ఎరుపెక్కుతుంది. తల నల్లగా ఉండి, ముక్కు లావుగా నీలిబూడిద రంగులో ఉంటే అది వేరే మునియా.

ఇక పెంచడం. ఓసారి కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డాం. ఒకాయన పంజరం నిండా ఆకుపచ్చ, గులాబీ పిట్టలు పెట్టుకుని "ఫారిన్‌వండి" అంటున్నాడు. మా మేనకోడలు కావాలని గోల. మా బావగారు మాట్లాడకుండా ఒక పిట్టని చేతిలోకి తీసుకుని తడి రుమాలుతో తుడిచారు. రుమాలు పచ్చబడింది, పిట్ట మట్టిరంగుకొచ్చింది. "తడిస్తే కొంచెం వదుల్తాదండి" అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా! ఆ గుంపులో రంగు పుయ్యనిది ఒక్కటే ఉంది, మన ఎర్ర మునియా. దానికి పుయ్యాల్సిన అవసరమేముంది? ఆకుపచ్చ మునియా నిజంగానే ఉందిగానీ, దాన్ని చూడాలంటే రాజస్థాన్‌లో ఆబూ కొండ లాంటి చోట్లకి వెళ్ళాలి. పైగా మన అడవి పిట్టల్ని పట్టినా అమ్మినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. రేవులో పట్టించుకునేవాళ్ళేరీ?

పట్టేవాళ్ళకంటే నాకు గట్టుమీద గడ్డిమందు కొట్టించేవాళ్ళమీద ఎక్కువ కోపం. ఇది ముఖ్యంగా బతికేదే గడ్డిగింజల మీద. గట్లు మాడ్చి, జమ్ము కొట్టి రొయ్యల చెరువులు తవ్వి, పిట్టలేవీ రావట్లేదేంటని మళ్ళీ మననే అడుగుతారు.

ఈసారి కనిపిస్తే ఫోటో వెనకనుంచి తీసి పెట్టండి. అందరూ ముఖమే తీసి పంపుతారు, తోక మొదలు ఒక్కరూ చూపించరు.