గొంతు తగ్గించుకునిరా

చిన్నా,

ఆర్మీ నుంచి పెన్షన్ మీద వచ్చేసి గుంటూరులో కంప్యూటర్లు చెబుతానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసింది. అప్పట్నుంచి ఇదే మాటతో మీ అత్తయ్య బుర్ర తినేస్తున్నాను.

డిశ్చార్జికి ముందే డీజీఆర్ కోర్సుకి, అదే ఆర్మీలోంచి బయటికొచ్చేవాళ్లకి కొత్త పని నేర్పే కోర్సుకి, అప్లై చెయ్యి. పదిహేనేళ్ల సర్వీసుకి ఇచ్చే డిగ్రీ సమాన సర్టిఫికెట్ చూసుకుని మురిసిపోకు, అది గ్రూప్-సి ఉద్యోగాలకే, టెక్నికల్ చదువు అడిగే చోట చెల్లదు. పెన్షన్‌లో కొంత వదులుకుని ముందే ఒకేసారి తీసుకునే కమ్యుటేషన్ డబ్బుతో బ్రాడీపేటలో సెంటర్ పెడతానని మాత్రం అనకు. సగం పెన్షన్ అమ్ముకుంటే అది తిరిగొచ్చేది పదిహేనేళ్లకి. ముందు ఎవరి దగ్గరైనా జీతానికి చెప్పు.

నా భయం డబ్బు గురించి కాదులే, నీ గొంతు గురించి.

ఆర్మీ సిగ్నల్స్ విభాగంలో నాతో చేసినవాడొకడు నాకంటే ముందు బయటికొచ్చి అరండల్‌పేటలో ఒక సెంటర్లో చేరాడు. పనిలో పులి. జబల్‌పూర్‌లో మాకు ట్రైనింగ్‌లో నేర్పినట్టే చెప్పేవాడు: వివరించడం, చేసి చూపించడం, చేయించడం, చివర్లో "కోయీ షక్?", అంటే డౌట్లున్నాయా అని. అక్కడైతే డౌటున్నా "నో సర్" అని అరుస్తాం, నీకు తెలుసుగా. ఇక్కడ పిల్లలూ తలూపేశారు. పెదకాకాని నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి ఎక్సెల్లో ఫార్ములా కిందికి లాగినప్పుడల్లా రేటు ఉన్న గడి జారిపోయి అన్నీ సున్నాలే వస్తున్నాయి. డాలర్ గుర్తు పెడితే ఆ గడి కదలదని తెలీక, అడగడానికి భయపడి, ఒళ్లో కాలిక్యులేటర్ పెట్టుకుని ఒక్కో లెక్కా చేసి టైప్ చేస్తోంది. మావాడు చూసి "ఏంటిది!" అన్నాడు, ల్యాబంతా కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మర్నాడు ఆ పిల్ల రాలేదు, వాళ్ల నాన్న ఫీజు వెనక్కివ్వమని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "నేను తిట్టలేదురా, మామూలుగానే అడిగాను" అన్నాడు వీడు. నిజమే పాపం, వాడి మామూలు గొంతే అంత.

నీది ఇంకా పెద్దది. మొన్న సంక్రాంతికి కాఫీ అడిగితే పక్కింటివాళ్లు తొంగిచూశారు! లెక్కలు తప్పినప్పుడు మీ నాన్న కేకకి మా పెరట్లో గడ్డివాము వెనక దాక్కున్నవాడివి నువ్వే కదరా, ఆ పిల్లల బెదురు నీకంటే ఎవరికి తెలుసు?

"అర్థమైందా" అని అడగకు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని "ఏదీ, నువ్వు చేసి చూపించమ్మా" అను. చేతిలోంచి మౌస్ లాక్కోకు, ఎంత ఆలస్యం చేసినా సరే.

కోర్సు లెటర్ వచ్చిందో లేదో ఈ వారం ఫోన్ చెయ్యి. మీ అమ్మకి మాత్రం ఇవన్నీ చెప్పి టెన్షన్ పెట్టకు.

మావయ్య