ఉద్యోగం చేస్తూ జీమ్యాట్‌కు ప్రిపేర్ అవ్వడం ఎలా?

ఎంబీఏ లాంటి మేనేజ్‌మెంట్ కోర్సుల్లో చేరడానికి రాసే జీమ్యాట్ పరీక్ష కోసం ఉద్యోగం మానక్కర్లేదు. కానీ "వీకెండ్‌లో చూసుకుందాంలే" అనుకుంటే కష్టం. వారమంతా వదిలేసి ఆదివారం ఎనిమిది గంటలు కూర్చుంటే, సగం టైమ్ పాతది గుర్తు తెచ్చుకోవడానికే పోతుంది. రోజూ ఆఫీసుకు ముందు గంట, గంటన్నర నయం. రాత్రి అలసిపోయి చేసే లెక్కల్లో తప్పులు లెక్క తెలియక కాదు, నిద్రమత్తు వల్ల వస్తాయి. అవి చూసి ఉత్త టెన్షన్.

ఇప్పటి పరీక్షలో క్వాంట్ (లెక్కలు), వెర్బల్ (ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం, తర్కం), డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫులు చూసి విశ్లేషించడం) అని మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. ఇంతకుముందు ఉన్న సెంటెన్స్ కరెక్షన్ (వాక్యంలో తప్పులు దిద్దడం), వ్యాసం తీసేశారు. క్వాంట్‌లో జామెట్రీ కూడా లేదు. కాబట్టి సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకాలు చూసుకుని వాడండి. రోజూ ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టేవాళ్లకు డేటా ఇన్‌సైట్స్ త్వరగానే అలవాటవుతుంది.

అధికారిక సైట్‌లో రెండు మాక్ టెస్టులు ఉచితం. ఒకటి మొదట్లోనే రాసి మీ స్థాయి తెలుసుకోండి, రెండోది చివరి వారాలకు దాచుకోండి. మధ్యలో అసలు పని తప్పుల నోటుబుక్కే: ఏ ప్రశ్న, ఎందుకు తప్పింది, ఎన్ని నిమిషాలు పట్టింది. కొత్తగా వంద ప్రశ్నలు చేయడం కన్నా పాత తప్పులు ఇరవై మళ్లీ చేయడం మేలని నా అభిప్రాయం.

స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి, ఆఫీసులో పని ఒత్తిడి తక్కువున్న నెలలు చూసుకుని డేట్ బుక్ చేసుకోండి.