‘ఎలీట్’ చూస్తే స్పానిష్ వస్తుందా?

స్పానిష్‌లో ఎ2 (రెండో మెట్టు) పూర్తయింది, క్లాసులో టీచర్ మాట్లాడితే అర్థమవుతోంది, సీరీస్ పెడితే మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదు, ‘ఎలీట్’ అనే స్పానిష్ సీరీస్‌తో మొదలుపెట్టొచ్చా అని కదా మీ ప్రశ్న. పెట్టొచ్చు. నేనూ సరిగ్గా అదే స్థాయిలో దాంతోనే మొదలుపెట్టాను. చెవికి చాలా మేలు చేసింది. నోటికి మాత్రం కాస్త చేటు చేసింది, అదీ చెబుతాను.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక మామూలు బడి పైకప్పు కూలిపోతుంది. అందులో చదివే సమూయెల్, నాదియా, క్రిస్టియన్‌లకు లాస్ ఎన్సీనాస్ అనే బాగా డబ్బున్నవాళ్ళ బడిలో స్కాలర్‌షిప్ మీద సీట్లు వస్తాయి. ఆ కూలిన బడిని కట్టిన కంపెనీ యజమాని పిల్లలు చదివేది కూడా అక్కడే. తర్వాత ఒక హత్య. ఎవరిదో చెప్పను. 2018 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలై, 8 సీజన్లు నడిచి 2024లో ముగిసింది. మీకు మొదటి మూడు చాలు. ఆ తర్వాత పాతవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు, కథ కూడా సాగదీసినట్టే ఉంటుంది.

నేర్చుకునేవాళ్ళకు అసలు నిధి పార్టీ సీన్లలో లేదు, పోలీసు విచారణలో ఉంది. మొదటి సీజన్ అంతా మధ్యమధ్యలో ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతుంటుంది. గదిలో పాటలుండవు, ఒకరి మీద ఒకరు అరవడాలుండవు. “దోందె ఎస్తాబాస్?” (అప్పుడెక్కడున్నావు?), “కె విస్తె?” (ఏం చూశావు?) ఇలా నడుస్తుంది. భూతకాలంలో ‘చూస్తూ ఉన్నాను’, ‘చూశాను’ తేడా నాకు మూడు నెలల గ్రామర్ క్లాసుల్లో ఎక్కలేదు, ఆ సీన్లలో ఎక్కింది. ఆడియో స్పానిష్‌లో పెట్టి, సబ్‌టైటిల్స్ కూడా స్పానిష్‌వే పెట్టండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెడితే కళ్ళు చదువుకుపోతాయి, చెవులు నిద్రపోతాయి. ఒక్కసారికి పది నిమిషాలు చాలు, అదే ముక్క రెండోసారి సబ్‌టైటిల్స్ తీసేసి చూడండి.

మొదటి రెండు ఎపిసోడ్లలో నన్ను బాగా తికమక పెట్టిన మాట ‘తీయో’. మనం నేర్చుకున్నది మామయ్య, బాబాయి అని కదా. ఈ పిల్లలేమో ఒకరినొకరు తీయో అనే పిలుచుకుంటున్నారు. వీళ్ళంతా చుట్టాలా ఏంటని రాసుకుని మరీ చూశాను. తర్వాత తట్టింది, మన కుర్రాళ్ళు “ఏంటి మామా” అనుకోవట్లేదూ, ఇదీ అదే! అమ్మాయిలకైతే ‘తీయా’. కాకపోతే మనవాళ్ళు క్లాస్‌మేట్‌ని ‘అత్తా’ అనరు, అంతే తేడా.

ఉచ్చారణ సంగతి. థాంక్స్ చెప్పాలంటే స్పెయిన్‌లో ఎక్కువమంది ‘గ్రాథియాస్’ అంటారు. ఆ థ మన థ కాదు, నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి. ఇదే సీరీస్‌లో లూ పాత్ర వేసిన దాన్నా పావోలాది మెక్సికో. ఆమె ‘గ్రాసియాస్’ అంటుంది. ఆమె, స్పెయిన్ నటులు మాట్లాడుకునే సీన్లలో రెండు యాసలూ పక్కపక్కనే దొరుకుతాయి. ఈ దేశాల తేడాని నేను పట్టించుకోలేదు, అక్కడే దెబ్బ తిన్నాను.

మా టీమ్‌కు మెక్సికో వాళ్ళతో రాత్రి 8 గంటలకు కాల్, వాళ్ళకు పొద్దున్న ఎనిమిదిన్నర. కాల్ అయిపోతుంటే స్టైల్‌గా “తెంగో కె కొహేర్ ఉన్ టాక్సీ” అన్నాను, టాక్సీ పట్టుకోవాలి అనే ఉద్దేశంతో. స్పెయిన్‌లో బస్సైనా, ఫోనైనా, పెన్నైనా అన్నిటికీ కొహేర్ వాడేస్తారు. మెక్సికోలో అది పచ్చి బూతు. రెండు సెకన్లు నిశ్శబ్దం. ఒకతను కెమెరా ఆపేశాడు, ఇంకొకతనికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. అక్కడి పెద్దావిడ చాట్‌లో విడిగా రాసింది, ఇక్కడ ‘తోమార్’ అనమ్మా అని. కాబట్టి మీరు మాట్లాడబోయేది ఏ దేశం వాళ్ళతోనో ముందు తేల్చుకోండి.

ఇంకో చిన్న మాట. ‘కోలెహియో’ వినగానే కాలేజీ అనుకోకండి, అది బడి. ‘ఇన్‌స్తితూతో’ అంటే ప్రభుత్వ హైస్కూల్. ఈ పిల్లలు చదివే బచియెరాతో 16 నుంచి 18 ఏళ్ళ మధ్య రెండేళ్ళ చదువు, అంటే మన ఇంటర్ లాంటిది. అయితే ఆ ఖరీదైన బడిని చూసి స్పెయిన్‌లో చదువులన్నీ అలాగే ఉంటాయనుకుంటే పొరపాటే. సీరీస్‌లో నాకు నిజంగా ఇంటి వాతావరణంలా అనిపించింది నాదియా వాళ్ళ కిరాణా కొట్టు ఒక్కటే. ఆమె తలకు హిజాబ్ కట్టుకుంటే బడిలో కుదరదంటారు, ఇంట్లో తండ్రి ఇంకో వైపు లాగుతాడు. అక్కడి మాటలు చిన్నవి, నిదానంగా ఉంటాయి, ఎ2కి సరిపోతాయి.

ఇది పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళ కోసం తీసింది. హాల్లో టీవీలో పెట్టకండి. “ఏం చూస్తున్నావే?” అని అమ్మ అడిగితే నేను “స్పానిష్ పాఠం” అన్నాను. సరిగ్గా అప్పుడే తెర మీద ఏం వచ్చిందో రాయలేను. అప్పటి నుంచి ఫోన్లోనే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.